ఇంటిగుట్టు వేరు, ఆమె రహస్యం వేరు

'ఇంటిగుట్టు లంకకు చేటు' అనే సామెత విభీషణుడి కథలోంచి పుట్టినా, మన ఇళ్ళలో దాన్ని ఎక్కువగా ప్రయోగించేది ఆడవాళ్ళ మీదే. మొగుడు కొట్టాడని పుట్టింట్లో చెప్తే గుట్టు బయటపెట్టినట్టు. మామగారి ప్రవర్తన గురించి పక్కింటావిడతో అంటే పరువు తీసినట్టు. అయితే అదే ఇంట్లో ఆ స్త్రీకంటూ సొంత గుట్టు వుండటానికి మాత్రం వీల్లేదు. ఆమెకొచ్చిన ఉత్తరం ఎవరైనా విప్పొచ్చు. ఆమె పెట్టె ఎవరైనా తెరవొచ్చు. ఫోనులో ఏముందో చూపించమని ఆమెకంటే పదేళ్ళు చిన్నవాడైన తమ్ముడు కూడా నిలదియ్యొచ్చు. కుటుంబానికి రహస్యం వుంటుంది, కుటుంబంలోని స్త్రీకి వుండదు.

ఈ తేడాను పట్టించుకోకుండా, ఇవాళ కంప్యూటర్ల మీద సాగే సంభాషణల భద్రత గురించి మాట్లాడటం వల్ల ప్రయోజనం లేదు. మన సంస్థల పనిలో చాలా భాగం ఇప్పుడు డెస్క్‌టాప్ మీద తెరిచిన చాట్ ప్రోగ్రాముల్లోనే జరుగుతోంది. సలహా కేంద్రానికి వచ్చిన స్త్రీ వివరాలు న్యాయవాదికి పంపేది అక్కడే. షెల్టర్ హోమ్ చిరునామా చెప్పేది అక్కడే. వైద్య నివేదిక ఫొటో చేరేది అక్కడే. ఈ సమాచారం పరాయి చేతుల్లో పడితే ఒక స్త్రీ ప్రాణం మీదికి రావచ్చు. అయినా 'ఎన్‌క్రిప్షన్' అనే మాట వినగానే, అది కంప్యూటర్ కుర్రాళ్ళ వ్యవహారమని మనలో చాలామంది పక్కన పెట్టేస్తున్నారు. అది మన హక్కుల ప్రశ్న అని, దాన్ని మనం మన రాజకీయాలతోనే అర్థం చేసుకోవాలని చెప్పటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏకాంతంతో మన పాత తగాదా

స్త్రీల ఉద్యమానికి ఏకాంత హక్కు మీద మొదట్నించీ అనుమానం వుంది. అది అకారణమైన అనుమానం కాదు. నాలుగు గోడల మధ్య జరిగేది మొగుడూ పెళ్ళాల సొంత విషయమంటూ పోలీసులు ఫిర్యాదులు తీసుకోలేదు. వ్యక్తిగతమైనదంతా రాజకీయమే అని మనం నినదించింది ఆ గోడల్ని బద్దలు కొట్టటానికే.

కానీ ఇదే హక్కుకు మరో చరిత్ర కూడా వుంది, అది మన గడ్డ మీదే మొదలైంది. కాపురానికి రానన్న భార్యను కోర్టు ఉత్తర్వుతో రప్పించే హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్‌ను 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. తన శరీరం గురించి నిర్ణయించుకునే హక్కు ఆ స్త్రీదేనని, ఆ ఏకాంతంలోకి రాజ్యం చొరబడకూడదని జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెప్పారు. మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు మరో కేసులో ఆ వాదాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది. మళ్ళీ 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతం ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటించింది. పితృస్వామిక హింసను కప్పిపెట్టే ముసుగుగా ఈ హక్కును వాడుకోకూడదన్న స్త్రీవాద విమర్శను కూడా ఆ తీర్పు లెక్కలోకి తీసుకుంది.

అంటే కుటుంబం గుట్టును బద్దలు కొట్టటం, స్త్రీ రహస్యాన్ని కాపాడటం ఒకదానికొకటి విరుద్ధం కావు. రెండూ ఒకే పోరాటం. దెబ్బలు తిన్న స్త్రీ ఆ గుట్టు విప్పాలంటే, ముందు ఎవరూ వినని చోటు ఆమెకు కావాలి. ఒకప్పుడు చెరువుగట్టో, బావి దగ్గరో ఆ చోటు. ఇవాళ చాలామందికి అది ఒక సందేశం.

తాళం ఎలా పనిచేస్తుంది

గూఢలిపి అనాదిగా రాజులది, సైన్యాలది. దాన్ని మామూలు మనుషుల చేతికిచ్చిన ప్రయత్నాల్లో ముఖ్యమైనది 1991లో అమెరికాలో ఫిల్ జిమ్మర్‌మాన్ రాసిన పీజీపీ ప్రోగ్రాం. ఆయన అణ్వస్త్ర వ్యతిరేక ఉద్యమంలో పనిచేసినవాడు. ఈ ప్రోగ్రాం దేశం దాటి వ్యాపించినందుకు, ఆయుధాల ఎగుమతి నిబంధనల కింద అమెరికా ప్రభుత్వం ఆయన మీద 1996 వరకూ దర్యాప్తు నడిపింది. రహస్యంగా మాట్లాడుకోగలగటాన్ని రాజ్యాలు ఎంత ప్రమాదంగా చూస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ పద్ధతిని మన ఇంటి తాళంకప్పతో పోల్చుకోవచ్చు. ఒకావిడ తెరిచివున్న తాళంకప్పలు ఊరందరికీ పంచిపెట్టి, తాళంచెవి తన దగ్గరే వుంచుకుందనుకోండి. ఆమెకు ఏదైనా పంపదలచినవారు పెట్టెలో పెట్టి కప్ప నొక్కేస్తే చాలు. ఆ తర్వాత పంపినవారు కూడా దాన్ని తెరవలేరు. మోసుకెళ్ళేవాళ్ళెవరూ తెరవలేరు. మధ్యలో వున్న కంపెనీకి కనిపించేది మూసిన పెట్టె మాత్రమే.

పీజీపీలో ఒక చిక్కుంది. ఏళ్ళ తరబడి ఒకటే తాళంచెవి. అది ఒక్కసారి దొంగచేతిలో పడితే పాత ఉత్తరాలన్నీ బయటికొస్తాయి. పైగా సంతకం చేసి పంపితే అది మీరే రాశారనటానికి శాశ్వత సాక్ష్యం మిగిలిపోతుంది. దీన్ని సరిదిద్దుతూ 2004లో నికితా బోరిసోవ్, ఇయాన్ గోల్డ్‌బర్గ్, ఎరిక్ బ్రూవర్ అనే ముగ్గురు పరిశోధకులు డెస్క్‌టాప్ చాట్ కోసం ఓటీఆర్ అనే పద్ధతి రూపొందించారు. తర్వాత పిడ్జిన్‌గా పేరు మారిన గెయిమ్ అనే చాట్ ప్రోగ్రాంకు దాన్ని జతచేసుకునే వీలుండేది. ఇందులో తాళంచెవులు ఎప్పటికప్పుడు కొత్తవి పుడతాయి, పాతవి నాశనమవుతాయి. ఇవాళ ఒక చెవి దొరికినా నిన్నటి మాటలు తెరుచుకోవు. మాట్లాడుకునే ఇద్దరికీ అవతలి మనిషి ఎవరో నమ్మకంగా తెలుస్తుంది, కానీ ఆ మాటలు ఫలానావారే రాశారని మూడో మనిషికి గణితం సాయంతో నిరూపించటం సాధ్యం కాదు. చెరువుగట్టు మీద చెప్పుకున్న మాటల స్వభావం ఇదే కదా! అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ కూడా కొన్ని ఓటీఆర్ సందేశాలను విప్పలేకపోయిందని, స్నోడెన్ బయటపెట్టిన పత్రాల ఆధారంగా 2014 డిసెంబరులో జర్మన్ పత్రిక డెర్ ష్పీగెల్ రాసింది.

ఓటీఆర్‌కు ఇద్దరూ ఒకే సమయంలో కంప్యూటర్ ముందు వుండాలి. ఆ ఇబ్బందిని తొలగిస్తూ అదే ఆలోచనను ముందుకు తీసుకుపోయింది సిగ్నల్. 2016 ఏప్రిల్ నాటికి వాట్సప్ కూడా సిగ్నల్ పద్ధతినే తీసుకుంది. టెలిగ్రామ్ సంగతి వేరు. అందులో మామూలు సంభాషణలకూ, గ్రూపులకూ ఈ రకమైన తాళం లేదు, విడిగా 'సీక్రెట్ చాట్' తెరిస్తేనే వుంటుంది. ఈ తేడా తెలియక టెలిగ్రామ్ గ్రూపుల్లో బాధితుల వివరాలు పెట్టటం క్షేమం కాదు.

ఇంకొక విషయం. పెట్టెలో ఏముందో తెలియకపోయినా, ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారో మధ్యవాళ్ళకు తెలుస్తుంది. ఒక స్త్రీ రాత్రి పదకొండింటికి హెల్ప్‌లైన్‌కీ, పొద్దున్నే వకీలుకీ సందేశం పంపిందని తెలిస్తే ఇక లోపలి మాటలతో పనేముంది? 2016లో అమెరికన్ కోర్టు అడిగినప్పుడు సిగ్నల్ ఇవ్వగలిగింది ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి వాడిన తేదీ మాత్రమే. మిగిలినదేదీ ఆ సంస్థ దాచుకోదు. ఏ ప్రోగ్రాం వాడాలో ఎంచుకునేటప్పుడు తాళం ఒక్కటే చూసి ఊరుకోకూడదనేది ఇందుకే.

కొసల దగ్గర ఎవరున్నారు?

ఈ తాళం దారిలో కాపాడుతుంది. రెండు కొసల దగ్గర కాపాడదు. కంప్యూటర్ నిపుణులు రాసే పుస్తకాల్లో ఈ వాక్యం ఎక్కడో చివర్న వుంటుంది. మనకు మాత్రం ఇదే మొదటి వాక్యం కావాలి. నిపుణుల ఊహలో శత్రువు ఎక్కడో దూరాన తీగల మీద చెవిపెట్టి కూర్చున్నవాడు. మన దగ్గరికొచ్చే స్త్రీకి శత్రువు అదే మంచం మీద పడుకుంటున్నాడు. ఆమె వేలిముద్ర నిద్రలో ఫోనుకు ఆనించగలడు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే ఫోను వున్న స్త్రీలు దేశంలో సుమారు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు మూడింట ఒక వంతే. తక్కినవాళ్ళు ఫోను ముట్టుకున్నా అది ఇంకొకరి అనుమతితో, ఇంకొకరి కళ్ళ ముందే. ఇద్దరి మధ్య పటిష్ఠమైన తాళం వేసినా, ఒక కొస మొగుడి జేబులో వుంటే ఆ రహస్యం ఎవరిది?

డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ఈ ప్రమాదాన్ని పెంచాయి. వాట్సప్‌నో సిగ్నల్‌నో కంప్యూటర్‌కు కలపాలంటే తెరమీద కనిపించే గళ్ళబొమ్మను ఫోనుతో స్కాన్ చేస్తే చాలు. ఒక్క నిమిషం ఫోను చేతికి దొరికితే భర్త ఆమె ఖాతాను తన ఆఫీసు కంప్యూటర్‌కు కలుపుకోగలడు. ఆ తర్వాత ఆమె ఎక్కడున్నా మాటలన్నీ అతని తెర మీద ప్రత్యక్షమవుతాయి. దీనికి హ్యాకింగ్ విద్య అక్కర్లేదు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఎన్‌క్రిప్షన్ ఎక్కడా దెబ్బతినదు కూడా. సందేశం తాళంతోనే వెళ్ళి, తాళంతోనే అతని దగ్గర తెరుచుకుంటుంది.

మన కార్యాలయాల్లోనూ పరిస్థితి గొప్పగా లేదు. ఒకే కంప్యూటర్ మీద ముగ్గురు కార్యకర్తలు పనిచేస్తారు. పొద్దున కౌన్సెలర్ తెరిచిన చాట్ సాయంత్రం దాకా తెరిచే వుంటుంది. సర్వీసుకిచ్చినప్పుడు ఆ కంప్యూటర్ అలాగే దుకాణానికి పోతుంది. సిగ్నల్ డెస్క్‌టాప్ ప్రోగ్రాం కూడా 2024 దాకా, దాచిన సందేశాల తాళంచెవిని అదే కంప్యూటర్‌లో మామూలు ఫైలులో వుంచేది. ఆ ఏడాది జూలైలో విమర్శలు గట్టిగా వచ్చాకే దాన్ని మార్చటానికి పూనుకున్నారు. తలుపుకు తాళం వేసి చెవిని గుమ్మం మీద పెట్టినట్టన్నమాట.

రాజ్యం కూడా కొసల దగ్గరికే వస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసుల పక్షాన పనిచేసే బేలా భాటియాతో సహా పలువురు హక్కుల కార్యకర్తల ఫోన్లను పెగాసస్‌తో లక్ష్యం చేసుకున్న సంగతి 2019లో వాట్సప్ హెచ్చరికలతో బయటపడింది. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి 22 నెలలపాటు ఎవరో చొరబడి పత్రాలు జొప్పించారని ఆర్సెనల్ అనే అమెరికన్ ఫోరెన్సిక్ సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ ఆరోపణల మీద 2024 మార్చిలో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఇవన్నీ చెప్పేది ఒకటే. తాళం అవసరం, కానీ తాళమొక్కటే చాలదు.

కోర్టులు ఏమంటున్నాయి?

భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడుకున్నది భర్త రహస్యంగా రికార్డు చెయ్యటం చట్టవిరుద్ధమని, అది ఆమె ఏకాంతాన్ని ఉల్లంఘించటమేనని రెండు దశాబ్దాల కింద మన హైకోర్టే చెప్పింది. ఇప్పుడు గాలి ఎదురు దిశలో వీస్తోంది. భార్యతో జరిగిన ఫోను సంభాషణలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పంజాబ్ హర్యానా హైకోర్టు అంతకుముందు ఇచ్చిన తీర్పును ఇందుకోసం కొట్టేసింది. దంపతులు ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునే స్థితి వచ్చిందంటే ఆ కాపురం అప్పటికే చెడినట్టని కోర్టు తర్కం.

ఈ తీర్పు స్త్రీలకూ పనికొస్తుందని కొందరు న్యాయవాదులు అనవచ్చు. క్రూరత్వాన్ని రుజువు చెయ్యటానికి భార్యలకు కూడా రికార్డింగులు అవసరమే. కానీ ఇంట్లో పరికరాలు ఎవరి చేతిలో వున్నాయి? సిమ్ ఎవరి పేరు మీద వుంది? పాస్‌వర్డులు ఎవరికి తెలుసు? సమానం కాని ఇద్దరికి సమానంగా నిఘా హక్కు ఇస్తే ఎవరికి లాభమో చెప్పటానికి సర్వేలు అక్కర్లేదు.

మన పేరు మీద

ప్రభుత్వాలు ఈ తాళాన్ని బద్దలు కొట్టాలనుకున్న ప్రతిసారీ దేశభద్రతతోపాటు స్త్రీల భద్రత పేరు కూడా చెప్తున్నాయి. 2021 ఐటీ నిబంధనలు యాభై లక్షలకు మించి వినియోగదారులున్న మెసేజింగ్ సంస్థల మీద ఒక షరతు పెట్టాయి. కోర్టుగానీ, ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద అధికారిగానీ అడిగితే ఒక సందేశాన్ని మొట్టమొదట పంపిందెవరో చెప్పాలి. ఇందుకు చూపిన కారణాల్లో అత్యాచారం, పిల్లల మీద లైంగిక హింస వున్నాయి. ఆ ఏడాది మేలో వాట్సప్ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది.

దీని వెనక నిజమైన వేదన వుందని ఒప్పుకోవాలి. వాట్సప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల గురించి 2015లో హైదరాబాదుకు చెందిన ప్రజ్వల సంస్థ రాసిన లేఖనే సుప్రీంకోర్టు కేసుగా తీసుకుంది. తన మీద జరిగిన దారుణం ఫోన్లలో చేతులు మారుతున్న స్త్రీకి ఏకాంతం గురించి ఉపన్యాసాలివ్వటం క్రూరత్వమే. అయినా ఈ మార్గం సరైంది కాదంటాను. ఎందుకంటే:

ఒకటి, నేరస్థుల సందేశాలకు మాత్రమే గుర్తు పెట్టే విద్య లేదు. ఎవరు మొదట పంపారో చెప్పాలంటే అందరి సందేశాలకూ ముందే జాడ వుంచుకోవాలి. ఆ అందరిలో షెల్టర్‌కు దారి అడుగుతున్న స్త్రీ కూడా వుంటుంది.

రెండు, మొదట పంపింది ఎవరు? ప్రేమించినవాడికి నమ్మకంతో తన ఫొటో పంపిన అమ్మాయి విషయంలో ఆ 'మొదటి మనిషి' ఆమే! నమ్మకద్రోహం చేసి దాన్ని పదిమందికి పంచినవాడు రెండోవాడవుతాడు. అమ్మాయిల్ని నేరస్థుల్లా నిలబెట్టే పోలీసు స్టేషన్లలో ఈ జాడ ఎటు దారితీస్తుందో మనం ఊహించగలం.

మూడు, బెదిరింపు అందుకున్న స్త్రీ తానే ఒక కొస. తాళం ఆమెకు తెరుచుకునే వుంటుంది. సందేశం, నంబరు, తేదీ అన్నీ ఆమె దగ్గరే వున్నాయి. ఇన్ని సాక్ష్యాలతో స్టేషన్‌కు వెళ్ళినా ఎఫ్ఐఆర్ రాయని వ్యవస్థకు కొత్తగా అందరి తాళంచెవులూ ఎందుకు?

నాలుగు, 69వ సెక్షన్ కింద నిఘాకు అనుమతించేదీ, దాన్ని సమీక్షించేదీ ప్రభుత్వ కార్యదర్శులే. న్యాయమూర్తి ప్రమేయం లేదు. 1996లో పీయూసీఎల్ కేసులో ఫోన్ ట్యాపింగ్‌కు సుప్రీంకోర్టు పెట్టిన కట్టడి కూడా అంతవరకే ఆగింది.

2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశాలను కూడా ఈ కోణంలోనే చూడాలి. మెసేజింగ్ ఖాతా ఎప్పుడూ ఆ ఫోనులోని సిమ్‌తోనే ముడిపడి వుండాలని, కంప్యూటర్ మీద తెరిచిన ఖాతా ఆరు గంటలకోసారి మూతపడాలని అందులో చెప్పారు. రెండోది దొంగచాటుగా కలుపుకున్న భర్తకు కొంత అడ్డమే. కానీ మొదటిదో? భర్త పేరు మీదున్న సిమ్ తీసి అక్కడే పారేసి, పాత ఫోనుతో, ఎవరో ఇచ్చిన వైఫైతో సాయం అడిగే స్త్రీకి ఆ ముడి ఉరితాడు కాదా? మోసగాళ్ళను పట్టుకోవటానికని చేసే ఆదేశాల్లో సిమ్ సొంతంగా లేని స్త్రీ ఒకతె వుంటుందని ఎవరికీ తోచదు. తోచేట్టు చెయ్యాల్సింది మనమే.

మన సంస్థలు చెయ్యాల్సినవి

ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. కార్యాలయం కంప్యూటర్‌లో ఒక్కొక్క కార్యకర్తకు వేరే లాగిన్ వుండాలి. హార్డ్ డిస్కు మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవాలి. బాధితుల వివరాలు సొంత వాట్సప్‌లో కాకుండా సంస్థ ఖాతాలోనే నడపాలి. ఎవరైనా ఉద్యోగం మానేసిన రోజునే వాళ్ళ పరికరాన్ని తొలగించాలి. వాట్సప్ బ్యాకప్‌కు విడిగా ఎన్‌క్రిప్షన్ పెట్టే వీలు 2021లో వచ్చింది. అది మనం ఆన్ చేస్తేనే వుంటుంది. న్యాయవాదులతో, షెల్టర్‌తో మాట్లాడే ఖాతాల భద్రతా సంఖ్యను, అంటే తెర మీద కనిపించే అరవై అంకెలను, ఒక్కసారైనా ఎదురెదురుగా సరిచూసుకోవాలి. అది హఠాత్తుగా మారితే ఫోను చేసి అడగాలి.

సాయానికి వచ్చిన స్త్రీ విషయంలో మాత్రం తొందర పనికిరాదు. ఆమె ఫోనులో 'లింక్డ్ డివైజెస్' చూసి, తెలియని కంప్యూటర్ కనిపించగానే తొలగించాలనిపిస్తుంది. తొలగించిన మరుక్షణం అతనికి తెలిసిపోతుంది, ఆ రాత్రి ఆమె ఇంటికే వెళ్ళాలి. ముందు ఆ తెర ఫొటో తీసి సాక్ష్యంగా దాచాలి. ఆమె ఎక్కడ వుంటుందో, ఎప్పుడు బయటపడుతుందో ఆమెతోనే నిర్ణయించుకున్నాక తొలగించాలి. అంతవరకూ అసలు మాటలకు అతనికి తెలియని వేరే ఫోను వెతకాలి.

సందేశాలు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు కూడా అంతే. షెల్టర్ చిరునామాకు అది మంచిదే. భర్త పంపిన బెదిరింపులు మాయమైతే మాత్రం రేపు కోర్టులో చూపటానికేమీ మిగలదు. 2024 జూలై నుంచి అమల్లో వున్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచెయ్యాలి. కాబట్టి ఏది చెరపాలి, ఏది దాచాలి అన్నది ఒక్కొక్క కేసునుబట్టి ఆలోచించాల్సిందే తప్ప అందరికీ ఒకే సూత్రం పెట్టకూడదు.

వీటన్నిటికంటే ముఖ్యంగా ఇది కంప్యూటర్ తెలిసిన ఒక్క కార్యకర్త బాధ్యతగా మిగలకూడదు. గృహహింస చట్టం గురించి మండల స్థాయి శిక్షణల్లో చెప్పినంత మామూలుగా దీన్నీ చెప్పాలి. ఐటీ నిబంధనల మీద, నిఘా చట్టాల మీద అభిప్రాయాలు అడిగినప్పుడు మహిళా సంఘాలు కూడా రాతపూర్వకంగా తమ మాట పంపాలి. స్త్రీల రక్షణ పేరు చెప్పి చేసే చట్టాల గురించి స్త్రీలే మాట్లాడకపోతే, ఇంట్లో అన్నదమ్ములు చేసిన పనే రేపు ప్రభుత్వమూ చేస్తుంది. మన మంచి కోసమేనంటూ మన పెట్టె తెరుస్తుంది.